పురుగు పొట్టలో బ్యాక్టీరియా కాపురం!

నీళ్లకు లోటు లేదు. ఎరువూ వేశారు. ఆకుల మీద పురుగు జాడ లేదు. అయినా మిట్టమధ్యాహ్నానికి టమాటా మొక్కలు తలలు వాల్చేస్తాయి. చేలో అక్కడక్కడా గిడసబారి, పచ్చబడి కనిపిస్తాయి. బలం చాల్లేదేమోనని రైతు ఇంకో బస్తా ఎరువు వేస్తాడు. ఫలితం సున్నా! ఓ మొక్కను పీకి చూస్తే గానీ అసలు సంగతి తెలీదు... వేళ్ల నిండా బుడిపెలే!

ఇది నులిపురుగుల పని. అర మిల్లీమీటరుకు మించని వీటి పిల్లలు వేరులోకి దూరి అక్కడే మకాం వేస్తాయి. మొక్క తన కోసం దాచుకున్న తిండిని లాగేస్తాయి. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. వెచ్చటి నేలలో నెల తిరిగేసరికి కొత్త తరం తయారు! వంగ, బెండ, పసుపు, జామ, దానిమ్మ... వేటినీ వదలవు.

వీటిని చంపడానికి ఒకప్పుడు మిథైల్ బ్రోమైడ్ వాయువును మట్టిలోకి ఎక్కించేవారు. అది ఓజోన్ పొరకే చేటని తేలడంతో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సంపన్న దేశాల సాగులో 2005 నాటికి, వర్ధమాన దేశాల్లో 2015 నాటికి దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఫోరేట్ గుళికలపై మనదేశంలో 2020 చివరి నుంచి నిషేధం ఉంది.

మరి దారేది? మట్టిలోనే ఉంది!

పాశ్చూరియా పెనెట్రన్స్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు మట్టిలో కాచుకుని ఉంటాయి. అటుగా వెళ్లే నులిపురుగు పిల్ల ఒంటికి పల్లేరుకాయల్లా అతుక్కుంటాయి. అది వేరులో చేరి భోజనం మొదలుపెట్టగానే ఇవి మొలకెత్తి దాని ఒంట్లోకి దిగుతాయి. ఇక గుడ్లు ఉండాల్సిన చోట సుమారు 20 లక్షల సిద్ధబీజాలు! పురుగు చచ్చాక అవన్నీ మళ్లీ మట్టిలోకే. 1940లో దీన్ని ప్రోటోజోవా అనుకున్నారు. బ్యాక్టీరియా అని తేలింది 1975లో.

చిక్కల్లా ఒక్కటే. పురుగు ఒంట్లో తప్ప ఇది ఓ పట్టాన పెరగదు. పైగా ఒక్కో రకం కొన్ని నులిపురుగులకే అంటుకుంటుంది.

అందుకే మన రైతులకు దగ్గరి చుట్టం సూడోమోనాస్ ఫ్లోరసెన్స్. పొడి రూపంలో దొరుకుతుంది. వేరు చుట్టూ పెరిగి నులిపురుగులను అడ్డుకుంటుంది, మొక్కలో రోగనిరోధక శక్తిని తట్టిలేపుతుంది. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తారు. మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి చేసి, నీడలో కొన్నాళ్లు ఉంచి పొలంలో చల్లుతారు. దీన్ని రసాయన మందులతో కలపకూడదు.

అలాగని ఇదేమీ మంత్రదండం కాదు. పురుగు పూర్తిగా పోదు, తగ్గుతుంది. వేసవి దుక్కులు, బంతితో పంటమార్పిడి తోడుండాల్సిందే.

నర్సరీలో జామ మొక్క కొంటున్నారా? ముందు వేళ్లు చూడండి. వేరుసెనగ వేళ్ల మీది బుడిపెలను చూసి మాత్రం కంగారుపడొద్దు. గోటితో గిల్లితే ఊడి వస్తే అవి నత్రజనిని అందించే నేస్తాలు. వేరే ఉబ్బిపోయి, ఊడిరాకపోతేనే శత్రువు!