ఎత్తుకున్న చేతులు కూడా కనబడాలి

మా అమ్మకు ఏడాది నిండినప్పుడు స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. కుచ్చుల గౌను వేసుకుని, ఎత్తయిన కుర్చీలో కూర్చుని, బెదురుగా చూస్తూ ఉంటుంది అమ్మ. చిన్నప్పటి నుంచి ఆ ఫోటోను ఎన్నోసార్లు చూశాను. ఒక రోజు మాత్రం కుర్చీ వెనుక నుంచి వచ్చి అమ్మ నడుమును పట్టుకున్న చెయ్యి నా కంటబడింది. మణికట్టుకు రెండు గాజులున్నాయి.

“ఇదెవరి చెయ్యమ్మా?” అని అడిగాను.

“మా అమ్మది. నేను పడిపోతానేమోనని వెనుక కూర్చుని పట్టుకుంది” అంది.

అమ్మకు ఆరేళ్ళ వయసులోనే అమ్మమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆమె ముఖం ఏ ఫోటోలోనూ లేదు. మాకు మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 1839లో డాగ్యురోటైపు పద్ధతి లోకానికి తెలిసిన తొలి రోజుల్లో ఒక్క ఫోటోకు నిమిషాలు పట్టేది. తర్వాత అది సెకన్లకు తగ్గినా, పసిబిడ్డ అంతసేపయినా కదలకుండా ఉంటుందా? అందుకని తల్లే బిడ్డను ఒడిలో పట్టుకుని కూర్చునేది. ఫోటోలో బిడ్డ ఒక్కటే కనబడాలని ఆ తల్లి మీద దుప్పటో, తెరగుడ్డో కప్పేవారు. అలాంటి ఫోటోలు ఐరోపాలోనూ అమెరికాలోనూ వేలకొద్దీ ఉన్నాయి. లిండా ఫ్రెన్యి నాగ్లర్ అనే కళాకారిణి వాటిని ఏళ్ళ తరబడి సేకరించి, 2013లో వెనిస్ బియన్నేల్ ప్రదర్శనలో దాదాపు వెయ్యి ఫోటోలు ఉంచారు. వాటిలో ప్రతి బిడ్డ వెనుకా ముసుగు కింద ఒక మనిషి ఆకారం ఉంటుంది.

ఇప్పుడు కెమెరాకు అంత సమయం అక్కరలేదు. అయినా మనం చేసేది అదే. “అమ్మా, నువ్వు కాస్త పక్కకు జరుగు, పాపను తియ్యాలి” అంటాం. బాలింత తల్లి కూడా “నా ముఖం బాగాలేదు, నన్ను తియ్యకండి” అని తప్పుకుంటుంది. పాప పెద్దదయ్యాక వెతికేది తన ముఖం కోసం కాదు, తనను ఎత్తుకున్నవారి కోసం.

అందుకే ఈ ఫోటోలు నలుపు తెలుపుల్లో తీసి చూడండి. పుట్టిన కొత్తలో బిడ్డ చర్మం ఎర్రగా, మచ్చలు మచ్చలుగా, పొట్టు రాలుతూ ఉంటుంది. చుట్టూ ఆసుపత్రి ఆకుపచ్చ దుప్పటి, ఎర్ర ప్లాస్టిక్ బకెట్, మందుల సీసాలు. రంగులు తీసేస్తే ఇవన్నీ వెనక్కి తగ్గుతాయి. చూపు నేరుగా తల్లి భుజం మీద వాలిన చిన్న తల మీదికి, ముడుచుకున్న వేళ్ళ మీదికి పోతుంది. అన్నట్టు, కామెర్ల పసుపు కూడా ఈ ఫోటోలో కనబడదు. డాక్టరుకు చూపించడం మాత్రం మానకండి!

దీనికి స్టూడియో అక్కరలేదు, ఒక కిటికీ చాలు. ఉదయం పూట ఎండ నేరుగా పడని కిటికీ పక్కన తల్లిని కూర్చోబెట్టండి. ట్యూబులైటు ఆపేయండి. ఫ్లాష్ వెయ్యకండి, దానివల్ల నీడలు పోయి ముఖాలు చదునుగా కనబడతాయి. పైనుంచి వంగి తీయకుండా బిడ్డ ఎత్తుకు దిగి తీయండి. ఫోన్‌తో అయితే రంగుల్లోనే తీసి, తర్వాత నలుపు తెలుపులోకి మార్చుకోండి. అసలుది కూడా ఉంటుంది.

ఏ క్షణాలు తీయాలి? అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనబడతాయి. పాలు తాగే బిడ్డకూ తల్లి ముఖానికీ మధ్య ఉండేది సుమారుగా అంతే దూరం. ఆ చూపును పట్టుకోండి. బిడ్డ అరచేతిలో నాన్న వేలు పెడితే గట్టిగా పట్టుకుంటుంది. అయిదారు నెలలకు ఆ పట్టు దానంతటదే పోతుంది. అమ్మమ్మ కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసే దృశ్యానికి మించిన ఫోటో మన ఇళ్ళల్లో మరొకటి లేదు.

గడ్డం కింద చేతులు పెట్టుకుని నిద్రపోతున్న పసికందుల ఫోటోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి. వాటిలో చాలావరకు, ఎవరో తల పట్టుకుని ఉండగా తీసిన రెండు మూడు ఫోటోలను కలిపి చేసినవే. బిడ్డ మీద ఎప్పుడూ ఒకరి చెయ్యి ఉండాలి, ఆ చెయ్యి ఫోటోలో పడినా పరవాలేదు. కెమెరా బెల్టు మీ మెడలో ఉండాలి.

చెప్పడానికి కష్టమైన మాట ఒకటుంది. 2005 ఫిబ్రవరిలో అమెరికాలోని కొలరాడోలో మైక్, షెరిల్ హగ్గార్డ్ దంపతులకు కొడుకు పుట్టాడు. కండరాల జబ్బువల్ల ఆ బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకోలేకపోయాడు. ఆరో రోజున యంత్రాలు తీసివేయడానికి ముందు ఆ తల్లిదండ్రులు శాండీ అనే ఫోటోగ్రాఫరును పిలిపించారు. ఆమె బిడ్డను వారి చేతుల్లో ఉండగా, యంత్రాలు తీయక ముందూ తీసిన తర్వాతా ఫోటోలు తీశారు. ఆ సంవత్సరమే షెరిల్, శాండీ కలిసి ఒక సేవాసంస్థను ప్రారంభించారు. ఇంగ్లీషు పిల్లలు పడుకునేముందు చేసే ప్రార్థనలోని మాటలనే, ‘నౌ ఐ లే మీ డౌన్ టు స్లీప్’ అని, దానికి పేరు పెట్టారు. పుట్టకముందే చనిపోయిన బిడ్డలకు, ఎక్కువకాలం బ్రతకని బిడ్డలకు స్వచ్ఛంద ఫోటోగ్రాఫర్లు రుసుము లేకుండా ఫోటోలు తీసి ఇస్తారు. చర్మం మీది కమిలిన గుర్తులు కనబడకుండా, వాటిని ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే ఇస్తారు.

మన దగ్గర ఇలాంటి బిడ్డను తల్లికి చూపించకుండానే తీసుకుపోవడం చాలామంది పెద్దలకు అలవాటు. “చూస్తే మరచిపోలేదు” అంటారు. తొమ్మిది నెలలు మోసిన తల్లి చూడకపోతే మరచిపోతుందా? ఆమెను బలవంతపెట్టవద్దు. కానీ ఒక్కసారి అడగండి. ఎత్తుకుంటానంటే ఎత్తుకోనివ్వండి. ఫోటో కావాలంటే తీసి, ఆమె అడిగేదాకా దాచి ఉంచండి.

తీసిన ప్రతి ఫోటోనూ వాట్సాప్‌లో పంచవద్దు. పాలు తాగే ఫోటో, స్నానం ఫోటో ఇంటివారివి. వాటిని ప్రింటు వేయించి, వెనుక పెన్సిలుతో తేదీ, పేర్లు, ఎత్తుకున్నది ఎవరో రాయండి.

నాకు పాప పుట్టినప్పుడు, నీళ్ళు పోస్తున్న అమ్మను తీయబోతే, “నన్నెందుకే, తడిసిపోయి ఉన్నాను. పాపను తియ్యి” అని తల తిప్పుకుంది. “అమ్మా, ఇటు చూడు” అన్నాను. చూసింది.

ఆ ఫోటో వెనుక ఇలా రాశాను: “పాపకు పదహారో రోజు. కాళ్ళు, చేతులు, ముఖం అమ్మమ్మవి.”