మీకు తెలుసా? ఆందోళనకూ ఓ అంకె

ఆటిజం ఉన్న పిల్లలు తమ ఆందోళనను 1 నుంచి 5 వరకు అంకెల్లో చూపించే ప్రసిద్ధ స్కేలు ఇద్దరు అమెరికా టీచర్ల ఆలోచన! మినెసోటాకు చెందిన కారీ డన్ బ్యూరాన్, మిట్జీ కర్టిస్ రాసిన ‘ది ఇన్‌క్రెడిబుల్ 5-పాయింట్ స్కేల్’ 2003లో వచ్చింది. 1 అంటే హాయిగా ఉన్నట్టు, 5 అంటే ఇక తట్టుకోలేనట్టు. ఒక్కో అంకెకు ఒక్కో రంగు. పక్కనే అప్పుడు ఒంట్లో ఎలా ఉంటుందో, ఏం చేస్తే నెమ్మదిస్తుందో రాస్తారు. నోటితో చెప్పలేని పిల్లలు వేలు పెట్టి చూపిస్తే చాలు. అంకెలు మాత్రం ఎవరివి వాళ్లవే. కుక్కర్ విజిల్ ఒకరికి 2 అయితే, చెవులు మూసుకునే ఇంకొకరికి 4 కావచ్చు. ‘ఇంత చిన్నదానికా?’ అంటూ పెద్దలు ఆ అంకెను దిద్దకూడదు. స్కేలు నేర్పాల్సింది పిల్లలు 1లో ఉన్నప్పుడే. 5కి చేరాక పాఠాలు తలకెక్కవు.