అత్తాపూర్‌లో అడవి బీజం

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి పోయేవాళ్లు అత్తాపూర్‌ను దాటే వెళ్తారు. ఆ పరిసరాల్లోనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ) చెందిన ‘లాకోన్స్’ ఉందని హైదరాబాద్ నగరంలోనే చాలామందికి తెలియదు. అంతరించిపోతున్న జీవజాతుల పరిరక్షణ ప్రయోగశాల ఇది. సీసీఎంబీ సారథిగా ఉన్న రోజుల్లో లాల్జీ సింగ్ దీన్ని తలపెట్టారు. 2007 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం లాంఛనంగా జాతికి అంకితం చేశారు. అడవి జంతువుల వీర్యాన్ని, కణాలను అతిశీతల స్థితిలో భద్రపరచడం, వాటితో సంతానం కలిగించడం ఇక్కడి పనుల్లో ముఖ్యమైనవి.

దుప్పితో తొలి అడుగు

లాకోన్స్‌కు పేరు తెచ్చిన తొలి విజయం పులిదో సింహానిదో కాదు, చుక్కల దుప్పిది. 2006లో కృత్రిమ గర్భధారణతో పుట్టిన ఆ పిల్లే ‘స్పాటీ’. మరుసటి ఏడాది కృష్ణజింక పిల్ల ‘బ్లాకీ’ పుట్టింది. దుప్పులకు మన అడవుల్లో కొదవలేదు. అందుకే వాటితో మొదలుపెట్టడం తెలివైన పని. వేళ్ల మీద లెక్కించేటన్ని మిగిలిన జంతువు మీద కొత్తగా పని నేర్చుకోవడం కుదరదు.

వానరంతో చిక్కు

కోతుల దగ్గర కృత్రిమ గర్భధారణ మరింత కష్టం. పశువైద్యులు ముందుగా మగకోతికి మత్తుమందు ఇస్తారు. అది స్పృహ తప్పాక, మలద్వారం గుండా చిన్న విద్యుత్ శలాకను పంపి, తక్కువ ఓల్టేజీతో నరాలను ప్రేరేపించి వీర్యం సేకరిస్తారు. మార్మోసెట్ లాంటి చిన్న కోతులకైతే కంపన పరికరం వాడతారు.

మకాక్ జాతి కోతుల వీర్యంలో చాలాభాగం బయటికి రాగానే పెరుగులా పేరుకుపోతుంది. దాన్ని 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, విడివడిన ద్రవంలోంచి చురుగ్గా ఈదే కణాలను తీసుకోవాలి. ఒక ఆడది పలు మగవాటితో జతకట్టే జాతుల్లో, తర్వాత వచ్చే మగదానికి ఈ గడ్డ అడ్డుపడుతుందని శాస్త్రవేత్తల భావన. ఇలాంటి పోటీ ఉన్న చింపాంజీ వృషణాలు రెండూ కలిపి సుమారు 120 గ్రాములు తూగుతాయి. దానికంటే ఎంతో భారీగా ఉండే గొరిల్లాకు 30 గ్రాములే. గొరిల్లా గుంపులో సాధారణంగా ఒకే మగదాని పెత్తనం, పోటీ తక్కువ, వీర్యకణాలూ తక్కువే. అలాంటి గొరిల్లాలోనూ 1995లో పరీక్షనాళిక సంతానం సాధ్యమైంది. అమెరికాలోని ఒమాహా జూ మగ గొరిల్లా వీర్యంతో, సిన్సినాటి జూలో ‘టిము’ పుట్టింది. జంతువును ఊరు దాటించకుండా దాని బీజాన్ని మాత్రమే దాటించవచ్చని ఇలాంటి కాన్పులు రుజువు చేశాయి.

గుడ్డు సొన, గ్లిజరాల్

సేకరించిన వీర్యానికి గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్ ఉన్న ద్రావణం కలుపుతారు. గ్లిజరాల్ కణాలను చలి నుంచి కాపాడుతుందని 1949లో బ్రిటన్ పరిశోధకులు వెల్లడించాక ఈ రంగం మలుపు తిరిగింది. అది తక్కువైతే మంచు స్ఫటికాలు కణాన్ని చీల్చేస్తాయి, ఎక్కువైతే అదే విషమవుతుంది. ఎంత కలపాలి, ఎంత వేగంగా చల్లబరచాలి అన్నది జాతి జాతికీ మారుతుంది. చివరికి సన్నని గొట్టాల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. కరిగించాక కొన్ని కణాలు చనిపోతాయి. మిగిలినవే ఆశ.

ఆడజంతువు అండం విడుదల చేసే వేళ తెలియకపోతే ఆ ఆశా వృథాయే. రక్తం తీయకుండా, పేడను, పెంటికలను పరీక్షించి హార్మోన్ల తీరు పసిగట్టే పద్ధతుల మీద లాకోన్స్‌లో జి. ఉమాపతి బృందం పనిచేసింది.

ఊరి కోతి, కొండ కోతి

తేయాకు తోటలతో ముక్కలైన పశ్చిమ కనుమల అడవుల్లో సింహపు తోక కోతులు చిన్నచిన్న గుంపులుగా చిక్కుకుపోయాయి. మన చేలల్లో పడుతున్నాయని తరిమే కోతులూ వాటిలాగే మకాక్‌లే. ఊరి కోతి మీద నేర్చిన పాఠం రేపు కొండ కోతికి అక్కరకొస్తుంది. అడవులను కలిపి ఉంచడమే మొదటి రక్షణ, ప్రయోగశాల దాని వెనక నిలిచే రెండో రక్షణ. ఏ జాతికి ఏ పాళ్లు సరిపోతాయో తేల్చడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు మనకు దక్కేది జంతువులు పుష్కలంగా ఉన్నప్పుడే. కాబట్టి దుప్పి మీద, ఊరి కోతి మీద చేసే పరిశోధనకు పెట్టే ఖర్చును వృథాగా చూడకూడదు.