తేటనీటిలో దాగిన విషం

బావినీరు తేటగా ఉంటుంది. వాసన ఉండదు, రుచిలో తేడా తెలియదు. ఎండన పడి వచ్చిన బాటసారి దోసిలి పట్టి తృప్తిగా తాగుతాడు. అటువంటి నీటిలో పాషాణం కరిగి ఉండవచ్చునని ఛత్తీస్‌గఢ్‌లోని కౌడీకసా గ్రామానికి చాలాకాలం తెలియలేదు.

కౌడీకసా అంబాగఢ్ చౌకీ ప్రాంతంలోని పల్లె. కేరళ రాష్ట్రం కంటె విశాలమైన ఒకనాటి బస్తరు జిల్లా ఉత్తరపు హద్దులకు ఇది దూరం కాదు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపంకర్ చక్రవర్తి బృందం ఇక్కడి నీటిని పరీక్షించి, 1999లో ఫలితాలను ప్రకటించింది. ఒక బావిలో లీటరుకు 880 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్నట్లు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10 మైక్రోగ్రాములు మాత్రమే.

ఆ విషాన్ని నీటిలో కలిపినదెవరు? ఏ కర్మాగారమూ కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ‘బస్తర్ క్రేటాన్’ అని పిలిచే అతి ప్రాచీన శిలాపీఠంలో ఈ ప్రాంతం ఒక భాగం. ఇక్కడి గ్రానైటులోను, అగ్నిపర్వత శిలలలోను ఆర్సెనిక్ సహజంగానే ఉన్నది. రాయి శిథిలమయ్యేకొద్దీ అది భూగర్భజలంలోకి చేరుతుంది.

తాగిన వెంటనే ఏమీ కాదు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. ఏళ్లు గడిచాక అరచేతులు, అరికాళ్లు గరుకెక్కి గట్టిపడతాయి. చర్మంపై మచ్చలు తేలుతాయి. ఆపై చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి క్యాన్సర్ రావచ్చు. నీటిని మరగబెట్టినా ఈ విషం పోదు; నీరు ఆవిరైనకొద్దీ మరింత చిక్కబడుతుంది.

మరి, దేశంలోని అసంఖ్యాకమైన బావులలో ముందుగా దేనిని పరీక్షించాలి? ఈ ప్రశ్నకే కంప్యూటర్ కొంత సమాధానం చెబుతున్నది. స్విట్జర్లాండ్‌కు చెందిన పరిశోధకులు జోయెల్ పోడ్గోర్స్కీ, మైకేల్ బెర్గ్ ప్రపంచం నలుమూలల నుంచి 50,000కు పైగా నీటి పరీక్షల ఫలితాలను సేకరించి, 2020లో ఒక పటాన్ని ప్రకటించారు. పరిమితికి మించిన ఆర్సెనిక్ వల్ల 9.4 కోట్ల నుంచి 22 కోట్ల మందికి ముప్పు ఉండవచ్చునని వారి అంచనా. వారిలో అత్యధికులు ఆసియావాసులే.

వారు అనుసరించిన పద్ధతి పేరు ‘రాండమ్ ఫారెస్ట్’. ఊరి పెద్దలు వందలమంది ఒకచోట కూడినట్లు ఊహించండి. ఒకరు అక్కడి వర్షపాతం అడుగుతారు; మరొకరు మట్టి స్వభావం; ఇంకొకరు నేల వాలు. లోగడ పరీక్షించిన బావుల అనుభవాన్ని బట్టి ప్రతివారూ ‘ఇక్కడ విషం ఉండవచ్చు’ అనో, ‘ఉండకపోవచ్చు’ అనో తీర్పు చెబుతారు. ఆ తీర్పులన్నీ కలిపితే, అక్కడ విషం ఉండే అవకాశం ఎంతో తెలుస్తుంది.

అయితే ఆ పెద్దలెవరూ ఆ ఊరి నీటిని చూసినవారు కారు. తాము ఎరిగిన నేలను పోలని నేల ఎదురైతే పొరబడవచ్చు. పైగా ఆ పటంలో ఒక్కొక్క గడి సుమారు చదరపు కిలోమీటరు. ఒకే ఊరిలో ఒక బావి విషపూరితం కాగా, దాని పొరుగు బావి నిర్దోషి కావచ్చు. అంతటి తేడాను పటం చూపలేదు. ‘ముందు ఇక్కడ వెతకండి’ అని వేలు చూపడం వరకే దాని పని. ‘ఇక్కడ భయం లేదు’ అన్న అభయాన్ని దానినుంచి ఆశించరాదు.

కడపటి తీర్పు పరీక్షదే. చిన్న సీసాలో నీరు పోసి రసాయనాలు కలిపితే, మూతకు అమర్చిన కాగితం పసుపు రంగుకో గోధుమ రంగుకో మారి గుట్టు బయటపెడుతుంది. బంగ్లాదేశ్‌లో ఇటువంటి పరీక్షలు జరిపి, చెడ్డ గొట్టపుబావులకు ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. బిందెతో వచ్చే ఇల్లాలికి శాస్త్రజ్ఞుల పటం అందకపోవచ్చు. పంపుపై పూసిన రంగు మాత్రం చదువు రానివారికీ అర్థమవుతుంది. శాస్త్రజ్ఞుల లెక్క ఆ రంగుదాకా వచ్చినప్పుడే ఒక ప్రాణమైనా దక్కుతుంది.