ఆన్‌లైన్ వేషక్రీడల ఆయువుపట్టు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో తూర్పు భాగవతము ప్రసిద్ధమైన కళారూపము. అందు సత్యభామ వేషము ధరించిన నటుడు ఆ రాత్రి అంతయు సత్యభామయే. అయితే అక్కడ వేషము వేయువారు కొందరు, చూచువారు పలువురు. చూచువారందరును తలకొక వేషము ధరించి, కథను తామే నడుపుకొన్నచో ఎట్లుండును? ఆన్‌లైన్ పాత్రధారణ క్రీడ అట్టిదే. ఇందు ప్రతి ఆటగాడును యోధుడుగనో, మాంత్రికుడుగనో, వర్తకుడుగనో ఒక పాత్రను ఎన్నుకొనును. వేలాదిమంది ఇంటర్నెట్టు ద్వారా ఒకే కల్పిత లోకమున కలిసికొందురు. భాగవతము తెల్లవారగనే ముగియును. ఈ లోకము మాత్రము ఆటగాడు నిద్రించుచున్నప్పుడును నడచుచునే యుండును.

1978లో ఇంగ్లండులోని ఎస్సెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను ఇరువురు విద్యార్థులు 'మడ్' అను క్రీడను రూపొందించిరి. ఇట్టివానికి అది మూలపురుషుని వంటిది. అందు బొమ్మలు లేవు, తెరపై అక్షరములే. తరువాత వచ్చిన క్రీడలలో కొన్ని ఇరువది ఏండ్లు దాటియు నిలిచియున్నవి. కొన్ని పదేండ్లయినను నిండక మూతపడినవి. ఈ భేదమునకు కారణమేమి?

చెరువు లెక్క

చెరువులోని నీటిమట్టము వచ్చు నీటిపైనను, పోవు నీటిపైనను ఆధారపడును. ఆటగాండ్ర సంఖ్యయు అంతే. ఒక క్రీడలో నెలకు 1,000 మంది క్రొత్తగా చేరుదురనియు, ఉన్నవారిలో నూటికి 5గురు చొప్పున మానుదురనియు అనుకొందము. మొత్తము 20,000 చేరునప్పటికి నెలకు మానువారును 1,000 మంది అగుదురు. అటుపై సంఖ్య పెరుగదు.

దీనిని 40,000 చేయుటకు రెండు మార్గములు కలవు. ప్రకటనలకు ధనము వెచ్చించి, చేరువారిని 2,000 చేయుట ఒకటి. మానువారిని నూటికి రెండున్నరకు తగ్గించుట రెండవది. ఫలము ఒక్కటియే; కాని ప్రకటనలు ఆగిననాడు మొదటి మార్గమున వచ్చిన పెరుగుదల క్రమముగా కరగిపోవును. రెండవ మార్గమున సగటు ఆటగాడు 20 నెలలకు బదులు 40 నెలలు నిలుచును. క్రీడ పాతబడిన కొలది క్రొత్తవారి రాక తగ్గుట సహజము. కావున దాని దీర్ఘాయువు గండ్లు పూడ్చుటలోనే యున్నది. ఆ గండ్లు ముఖ్యముగా మూడు.

పులి-మేక నీతి

మొదటి గండి సమతూకము చెడుట. మన పల్లెలలో అరుగులమీద ఆడు పులి-మేక ఆటలో పులులు 3, మేకలు 15. పులి మేకపై నుండి దుమికి దానిని చంపగలదు. మేకలు గుమిగూడి పులిని కదలకుండ బంధింపగలవు. బలములు వేరైనను గెలుపు ఇరువురకును సాధ్యమే. మేకలను అయిదింటికి తగ్గించినచో, ఆ పక్షమున కూర్చుండువాడే దొరకడు.

1997లో వెలువడిన 'అల్టిమా ఆన్‌లైన్'లో ఈ చిక్కే ఏర్పడినది. బలిసిన ఆటగాండ్రు క్రొత్తవారిని చంపి దోచుకొనుచుండిరి. 2000లో నిర్వాహకులు అట్టి హత్యలకు తావులేని మరియొక భూభాగమును సృష్టింపవలసివచ్చెను. బార్టిల్ 1996లో ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించెను: లక్ష్యములు సాధించువారు, క్రొత్తచోట్లు శోధించువారు, స్నేహము కోరువారు, ఇతరులపై దాడిచేయువారు. దాడిచేయువారు మితిమీరినచో స్నేహము కోరువారు వెడలిపోవుదురు. మేకలు లేని అడవిలో పులులును నిలువవు.

జట్టు బంధము

రెండవ గండి జట్టు విడిపోవుట. 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో కొన్ని మహాభూతములను జయించుటకు తొలినాళ్లలో 40 మంది వరకు కూడవలసియుండెడిది. ఒకడు దెబ్బలు కాచుకొనును, ఒకడు గాయములు మాన్పును, తక్కినవారు దాడిచేయుదురు. ఈ పరస్పరావసరమే స్నేహమై, ఆట పాతబడినను మనుష్యులను కట్టియుంచును. అయితే కోలాటములో ఒకడు తప్పుకొనిన పక్కవాని కోలకు జత లేనట్లు, ముఖ్యుడొకడు మానినచో జట్టంతయు చెదరును.

నమ్మకము

మూడవ గండి నమ్మకము పోవుట. 2003లో ఆరంభమైన 'స్టార్ వార్స్ గెలాక్సీస్'లో ముప్పదికి పైగా వృత్తులుండెను. 2005 నవంబరులో నిర్వాహకులు వానిని తొమ్మిదికి కుదించిరి. నెలల తరబడి శ్రమించి సాధించిన విద్యలు ఒక్క దెబ్బకు విలువ కోల్పోయినవి. పలువురు విడిచిపోయిరి, 2011 డిసెంబరులో ఆ క్రీడ మూతపడినది.

దీనికి భిన్నమైన ఉదాహరణము 'ఫైనల్ ఫాంటసీ 14'. 2010లో లోపములతో వెలువడి విమర్శలపాలయ్యెను. నిర్వాహకులు క్షమాపణ చెప్పి, 2012 నవంబరులో దానిని ఆపి, 2013 ఆగస్టులో పునర్నిర్మించి తెరచిరి. అది నేటికిని నడచుచున్నది. 2001లో పుట్టిన 'రూన్‌స్కేప్' నిర్వాహకులు 2013లో ఆటగాండ్ర ఓటు తీసికొని, 2007 నాటి పాత రూపమును వేరుగా తిరిగి తెరచిరి. లోపము వలన క్రీడ చావదు. లోపమును ఒప్పుకొనకపోవుట వలన చచ్చును.

నిలుచుట, చిక్కుకొనుట

ఆటగాని నిలుపుటకు మరియొక అడ్డదారి కలదు. ప్రతిదినము రాకున్నచో చేజారు బహుమతులు, ధనము చెల్లించి అదృష్టము పరీక్షించుకొను పెట్టెలు అట్టివి. ఇవి గండి పూడ్చవు. కాళ్లకు బంధము వేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 జనవరి నుండి 'క్రీడా రుగ్మత' చేరినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకన్న ఆటకే ప్రాధాన్యమిచ్చుట, హాని తెలిసియు మానలేకపోవుట దాని లక్షణములు.

విద్యార్థి తన్నుతాను ప్రశ్నించుకొనవలసినది ఒక్కటే: ఒకదినము ఆట మానినచో దిగులు కలుగునది జట్టులోని మిత్రుల కొరకా, చేజారు బహుమతి కొరకా? మొదటిదైన అది ఆట. రెండవదైన, ఆడుచున్నది విద్యార్థి కాదు. ఆటయే విద్యార్థిని ఆడించుచున్నది.