మీ సంఘం యూనిట్‌కు ఇంటర్నెట్ ఫోన్: ఎలా పనిచేస్తుంది? ఏది ఎంచుకోవాలి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, ముద్ర, పీఎంఎఫ్‌ఎంఈ వంటి రుణాలతో పచ్చళ్లు, పిండివంటలు, టైలరింగ్, చేనేత యూనిట్లు నడుపుతున్న సంఘ సభ్యుల కోసం ఈ సమాచారం. సంఘం సమావేశంలో ఒకసారి చదివి వినిపించండి.

ఇది మనకెందుకు?

చాలా యూనిట్లలో ఆర్డర్లన్నీ ఒక్క సభ్యురాలి సెల్‌కే వస్తాయి. ఆవకాయ సీజన్‌లో ఆమె ఒకరితో మాట్లాడుతుంటే రెండోవాళ్లకు బిజీ వస్తుంది. వాళ్లు మళ్లీ చేయరు, ఇంకో చోట కొనుక్కుంటారు. ఆమె ఊరెళ్తే ఆర్డర్లు ఆగిపోతాయి. రేపు ఆమె సంఘం నుంచి తప్పుకుంటే నంబర్ ఆమెతోనే పోతుంది, దాంతోపాటు కొనేవాళ్లూ పోతారు. లేబుళ్ల మీద వేయించిన నంబర్ దండగ. రుణం వాయిదా మాత్రం మిగిలినవాళ్లంతా కట్టాల్సిందే.

అందుకే యూనిట్‌కు సొంత నంబర్ ఉండాలి. ఇంటర్నెట్ ఫోన్ పద్ధతులతో అది ఇప్పుడు తక్కువ ఖర్చుతోనే అవుతుంది.

మాట ఇంటర్నెట్‌లో ఎలా వెళ్తుంది?

పాత ల్యాండ్‌లైన్‌లో మీరు మాట్లాడినంతసేపూ రెండు ఫోన్ల మధ్య ఒక దారి మీ కోసమే ఉంచేవారు. ఇంటర్నెట్ కాల్‌లో అలా ఉండదు. టెలిఫోన్ రంగంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతిలో మీ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలను చిన్న చిన్న ప్యాకెట్లుగా కట్టి పంపుతారు. మామూలుగా సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తాయి. ఒక్కోదాని మీద చిరునామా, వరుస నంబర్ ఉంటాయి. అవతలి ఫోన్ వాటిని వరుసలో పెట్టి మళ్లీ మాటగా వినిపిస్తుంది.

కొన్ని ప్యాకెట్లు దారిలో పోతే మాట తెగుతుంది. ఆలస్యంగా చేరితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. ఆలస్యం ఒక వైపు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మనకు తెలియనే తెలియదు.

డేటా ఎంత అవుతుంది? పైన చెప్పిన పద్ధతిలో నిమిషానికి రెండు వైపులా కలిపి సుమారు 1.3 ఎంబీ. కొత్త యాప్‌లకు ఇంకా తక్కువే చాలు. అంటే కాల్‌కు పెద్ద స్పీడ్ అక్కర్లేదు, నెట్ నిలకడగా ఉంటే చాలు. మీ యూనిట్‌లో ఆర్డర్లు ఎక్కువగా వచ్చే వేళలో నాలుగైదు రోజులు కాల్ చేసి చూశాకే నిర్ణయం తీసుకోండి.

ఉన్న పద్ధతులు మూడు

1. యాప్ నుంచి యాప్‌కు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. వస్తువుల ఫొటోలు, ధరలు పెట్టుకోవచ్చు. ల్యాండ్‌లైన్ నంబర్‌తో కూడా దీన్ని మొదలుపెట్టవచ్చు, కోడ్ కాల్‌లో చెబుతారు. ప్రధాన ఫోన్‌కు తోడు నాలుగు పరికరాలను కలుపుకోవచ్చు కాబట్టి మిగతా సభ్యులు కూడా మెసేజీలు చూసుకోవచ్చు. ప్రధాన ఫోన్‌ను 14 రోజులకు మించి వాడకపోతే మిగతావి తెగిపోతాయి. అమెరికాలో ఉన్నవాళ్ల ఆర్డర్లకు ఈ పద్ధతి బాగుంటుంది. దుబాయ్‌లో ఉన్నవాళ్లతో మాత్రం వాట్సాప్ కాల్ కలవదు. వాళ్లను వాయిస్ మెసేజ్ పెట్టమనండి.

2. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ఫోన్. ఏపీ ఫైబర్‌నెట్ వంటి కనెక్షన్లలో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగ మీద వస్తాయి. ఫోన్‌ను నెట్ బాక్సుకు తగిలిస్తే చాలు. ఒకే చోట కూర్చుని పనిచేసే యూనిట్‌కు ఇది సరిపోతుంది.

3. క్లౌడ్ నంబర్. ఈ నంబర్ ఏ సిమ్‌లోనూ ఉండదు, సేవ ఇచ్చే కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది. కస్టమర్ ఫోన్ చేస్తే ముందు ఆ కంప్యూటర్ ఎత్తుతుంది. "ఆర్డర్ కోసం 1 నొక్కండి, పార్సిల్ వివరాలకు 2 నొక్కండి" అని తెలుగులోనే చెప్పించవచ్చు. తర్వాత మీరిచ్చిన జాబితా ప్రకారం మొదటి సభ్యురాలికి రింగ్ చేస్తుంది. ఆమె ఎత్తకపోతే రెండో ఆమెకు, తర్వాత మూడో ఆమెకు. ఎవరూ ఎత్తకపోతే మిస్డ్ కాల్ జాబితాలో నమోదవుతుంది. చాలా సేవల్లో సభ్యులు మామూలు సెల్‌లోనే మాట్లాడవచ్చు, వాళ్ల దగ్గర నెట్ ఉండక్కర్లేదు. ఒకరు సంఘం మారినా జాబితాలో పేరు మారుస్తారంతే. నంబర్ యూనిట్ దగ్గరే ఉంటుంది.

మన దేశంలో లైసెన్సు ఉన్న కంపెనీలు ఇంటర్నెట్ మీదుగా మామూలు ఫోన్ నంబర్లకు కాల్స్ కలపడానికి టెలికాం శాఖ 2018లో నిబంధనలు సవరించింది. కాబట్టి లైసెన్సు ఉన్న సంస్థ దగ్గరే తీసుకోండి.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

• నెల అద్దె ఎంత? నిమిషానికి ఎంత? కాల్ సభ్యురాలి సెల్‌కు మళ్లించినందుకు వేరే ఛార్జీ ఉందా?
• టోల్‌ఫ్రీ నంబర్ అయితే కస్టమర్ బదులు డబ్బు మీరు కట్టాలి. చిన్న యూనిట్‌కు అది అవసరమా?
• సేవ మానేస్తే నంబర్ ఎవరిది? ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చా? రాతపూర్వకంగా తీసుకోండి.
• కాల్ రికార్డు చేస్తే ఆ సంగతి కస్టమర్‌కు ముందే చెప్పేలా పెట్టించండి.

నంబర్ యూనిట్ పేరు మీదే ఉండాలి, వ్యక్తి పేరు మీద వద్దు. ఇందుకు యూనిట్ పత్రాలు అడుగుతారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి ఫీజు అడిగితే ఇవ్వకండి. నంబర్ తీసుకున్న సంగతి, నెల ఖర్చు తీర్మానాల పుస్తకంలో రాసి, బిల్లు యూనిట్ ఖాతా నుంచే కట్టండి.

కరెంటు పోతే?

కరెంటు పోతే నెట్ బాక్సు ఆగుతుంది, దానికి తగిలించిన ఫోన్ కూడా ఆగుతుంది. బాక్సుకు చిన్న యూపీఎస్ పెట్టుకోండి. అగ్నిప్రమాదం, ఆరోగ్యం వంటి అత్యవసరాలకు మామూలు సెల్ నుంచే 112కు చేయండి. వాట్సాప్ నుంచి 112 కలవదు.

మోసాల విషయంలో జాగ్రత్త

ఇంటర్నెట్ కాల్‌లో మన స్క్రీన్ మీద కనిపించే నంబర్ అవతలి నుంచి వచ్చే సమాచారం మాత్రమే. మోసగాళ్లు దాన్ని మార్చి పంపగలరు. విదేశం నుంచి చేసినా +91 నంబర్ కనిపించవచ్చు. ఇలాంటి కాల్స్‌ను ఆపడానికి టెలికాం శాఖ 2024లో ఒక వ్యవస్థ పెట్టింది. అయినా నంబర్ చూసి నమ్మకండి.

• "మీ సబ్సిడీ మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అంటే పెట్టేయండి. బ్యాంకుల సర్వీసు కాల్స్ కోసం 1600 సిరీస్, ప్రచార కాల్స్ కోసం 140 సిరీస్ ఉన్నాయి. ఏ సిరీస్ నుంచి వచ్చినా ఓటీపీ చెప్పొద్దు. బ్యాంకుకు మీరే వెళ్లి కనుక్కోండి.
• "మీ పేరు మీద సిమ్‌లు తీసివ్వండి, నెలకింత ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. విదేశాల నుంచి ఇంటర్నెట్‌లో వచ్చే దొంగ కాల్స్‌ను అలాంటి సిమ్‌ల ద్వారా లోకల్ కాల్స్‌గా మారుస్తారు. కేసైతే పోలీసులు ముందు వచ్చేది సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే.
• మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. అనుమానపు కాల్స్‌ను అక్కడే చక్షు విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు.
• డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ వారం చేయాల్సింది

ఒక వారం పాటు వచ్చిన కాల్స్, తప్పిపోయిన కాల్స్ పుస్తకంలో రాయండి. తప్పినవి ఒకటీ అరా అయితే వాట్సాప్ బిజినెస్ చాలు. రోజూ తప్పిపోతుంటే క్లౌడ్ నంబర్ గురించి సంఘంలో చర్చించండి. కొత్త లేబుళ్లు అచ్చు వేయించే ముందే నంబర్ తేల్చుకోండి.

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో పంపండి. చదవడం రాని సభ్యులకు చదివి చెప్పండి.