ఇంటి ముందు తురాయా? గన్నేరా?
పువ్వును మెచ్చుకునే ముందు గాలిని, గొడ్డును లెక్క చూసుకోండి

తొలకరి జల్లు పడగానే ఊళ్లోకి మొక్కల బండి వస్తుంది. ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా ఉన్నవారికి ఏదైనా పూలమొక్క నాటాలనిపిస్తుంది. విశాఖపట్నం చుట్టుపక్కల ఊళ్లలో తరచు కనిపించేవి రెండు. ఒకటి వేసవిలో నిప్పు అంటుకున్నట్టు పూసే ఎర్ర తురాయి. దీన్నే సీమ సంకేసుల, గుల్‌మొహర్ అని కూడా అంటారు. రెండోది ఏడాది పొడుగునా పచ్చగా ఉండే గన్నేరు.

రెండూ అందమైనవే. రెండూ ఎండకు తట్టుకుంటాయి, నీరు పెద్దగా అడగవు. అందుకని ఏది వేసినా ఒకటేలే అనుకుంటాం. కానీ సన్నకారు రైతు ఇంటి దగ్గర పాక, పశువులసాల, గడ్డివామి, నుయ్యి, కరెంటు తీగ అన్నీ నాలుగైదు సెంట్లలోనే ఇరుక్కుని ఉంటాయి. అలాంటి చోట తురాయి తప్పు స్థలంలో నాటితే ఇంటికప్పు పోవచ్చు. గన్నేరు తప్పు స్థలంలో నాటితే పాడిగేదె పోవచ్చు. కాబట్టి మొక్క కొనేముందు ఈ నాలుగు మాటలు తెలుసుకోవడం మంచిది.

తురాయి గుణం

తురాయి పుట్టిల్లు మడగాస్కర్ దీవి. చిక్కుడు, కంది, చింతలాగే ఇది కూడా కాయజాతి చెట్టే. 30 నుంచి 40 అడుగుల ఎత్తు పెరుగుతుంది. కొమ్మలు గొడుగులా పక్కలకు చాచుకుంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు పూస్తుంది. కాయలు మూరెడు పొడవుంటాయి, ఎండితే పొయ్యిలోకి పనికొస్తాయి.

నీడ కోసం వేసుకునేవారు ఒక సంగతి గమనించాలి. వర్షాలు లేని నెలల్లో ఈ చెట్టు ఆకు రాలుస్తుంది. ఎండలు మొదలయ్యేనాటికి కొమ్మలు బోసిగా ఉండి, పూత తర్వాతగాని మళ్లీ నిండుగా చిగురించదు. పైగా వేళ్లు లోతుకు పోకుండా నేల పైపొరలోనే దూరం వరకు పాకుతాయి. వాటి పక్కన కూరపాదులు, ఆకుకూరలు బాగా రావు. నూతి గట్టుకు, ఇంటి పునాదికి, సిమెంటు గచ్చుకు కూడా ఈ వేళ్లు చేటే. కలప మెత్తన, కొమ్మ పెళుసు. దూలానికిగాని తలుపుకుగాని పనికిరాదు.

గాలివాన మాటేమిటి?

మనది తుఫాను తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. నగరంలోను, ఉక్కునగరంలోను, ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలోను పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా కూలాయి. నాలుగేళ్లకే, 2018 అక్టోబరులో, తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసింది.

తల బరువుగా, వేరు పైపైన ఉన్న చెట్టు గాలికి తేలిగ్గా పడుతుంది. తురాయి సరిగ్గా అలాంటిదే. అక్టోబరు, నవంబరుల్లో వానకు నేల నాని ఉంటుంది, చెట్టు నిండా ఆకు ఉంటుంది. గాలి పట్టడానికి ఆ రెండూ చాలు. అందుచేత ఇంటికి, సాలకు, కరెంటు తీగకు కనీసం 30 అడుగుల దూరం లేకపోతే తురాయి జోలికి పోవద్దు. చెట్టు ఎంత ఎత్తు ఎదుగుతుందో అంత దూరం వదిలితే ఇంకా మేలు. ఊరి చెరువుగట్టు కింద ఖాళీ స్థలం, బడి ఆటస్థలం చివర, బీడు గట్టు వంటి చోట్ల ఇది నిక్షేపంగా పెరుగుతుంది.

గన్నేరు గుణం

గన్నేరు పొద. ఆరు నుంచి పదిహేను అడుగుల వరకు పెరుగుతుంది. కత్తిరిస్తే ఎంత ఎత్తులో కావాలంటే అంతలో ఆగుతుంది. ఆకు రాల్చదు. ఉప్పుగాలికి, ఇసుక నేలకు, ఎర్రనేలకు, దుమ్ముకు ఓర్చుకుంటుంది. రేవు వైపు, ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఊళ్లలో రోడ్డు దుమ్ము ఇంట్లోకి రాకుండా ఇలాంటి దట్టమైన పొద కొంత అడ్డుకుంటుంది. వేళ్లు పునాదిని కదిలించేంత బలమైనవి కావు. గాలికి పడినా ఇల్లు కూలదు. పువ్వు పూజకు పనికొస్తుంది.

ఇన్ని మంచి గుణాలున్న మొక్కకు ఒక్కటే చెడ్డ గుణం. అదే ప్రాణం తీసేది. గన్నేరు ఆకు, పువ్వు, కాయ, బెరడు, వేరు అన్నీ విషమే. ఆ విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పెద్ద పశువుకు కూడా గుప్పెడు ఆకు చాలు.

పచ్చి ఆకు చేదుగా ఉంటుంది గనుక పశువు మామూలుగా ముట్టదు. మోసం ఇక్కడే ఉంది. ఆకు వాడినా, ఎండినా చేదు తగ్గుతుంది గాని విషం పోదు. కత్తిరించి పారేసిన కొమ్మలు గడ్డిలో కలిస్తే పశువు తేడా తెలియక తినేస్తుంది. మేత దొరకని వేసవిలో ఆకలికి పచ్చి ఆకునూ కొరుకుతుంది. హైవే డివైడర్లలో చాలాచోట్ల గన్నేరే ఉంటుంది. అక్కడ కొమ్మలు కత్తిరించిన రోజుల్లో రోడ్డు పక్క గడ్డి కోసుకు రావడం ప్రమాదం. ‘రోడ్డు మీద అంత బాగుంది కదా, మన సాల పక్కన వేద్దాం’ అనుకోవడం అంతకంటే ప్రమాదం.

పచ్చగన్నేరు వేరే మొక్క. అదీ విషమే, దాని పప్పు మరీను. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అది అసలు ఉండకూడదు.

పశువు తింటే ఏం చేయాలి?

మేత మానడం, చొంగ కారడం, కడుపునొప్పితో మెలికలు తిరగడం, పేడ పలచగా పడటం, గుండె తప్పి తప్పి కొట్టుకోవడం, చెవులు చల్లబడటం దీని లక్షణాలు. ఒక్కోసారి ఏ లక్షణం కంటపడకముందే పశువు కుప్పకూలుతుంది.

అనుమానం రాగానే ముందున్న మేత తీసేయండి. పశువును నడిపించవద్దు, తోలవద్దు. నీడన కదలకుండా ఉంచండి. నూనె, పసరు వంటివి బలవంతంగా తాగించవద్దు. వెంటనే పశువుల డాక్టరుకు కబురు పెట్టండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. ‘గన్నేరు తిన్నట్టుంది’ అన్న మాట డాక్టరుకు మొదటే చెప్పాలి, దొరికితే ఆకు కూడా చూపించాలి. ఎందుకంటే పడిపోయిన గేదెను చూసి పాలజ్వరం అనుకుని కాల్షియం ఎక్కిస్తే, గన్నేరు విషం ఉన్న గుండెకు అది మరింత చేటు. ఆ పశువు పాలు డాక్టరు చెప్పేదాకా వాడకూడదు.

మీ జాగాకు ఏది?

పశువులు, మేకలు ఉండి, జాగా ఇరుకైతే ఈ రెండూ వద్దు. పువ్వు కోసం మందారం వేసుకోండి. దాన్ని మేకలు తింటాయి గాని, దానివల్ల చావవు. చుట్టూ కాస్త దడి కడితే చాలు. దడి కోసమే అయితే గోరింట మేలు. నీరు తక్కువైనా బతుకుతుంది, ఆకు అమ్ముకోవచ్చు.

పశువులు లేక, ప్రహరీ ఉన్న ఇరుకు ఇల్లయితే గన్నేరు వేసుకోవచ్చు. పిల్లల చేతికి అందని వైపు వేయాలి.

జాగా బాగా ఉండి, దూరం కుదిరితే తురాయి వేసుకోవచ్చు. అయితే నీడతోపాటు ఆదాయం, ఎరువు కూడా కావాలంటే కానుగ చూడండి. దాదాపు ఏడాదంతా ఆకు ఉంటుంది, ఆ ఆకు మడిలో తొక్కవచ్చు, గింజ నుంచి నూనె వస్తుంది, తీరపు గాలికి ఓర్చుకుంటుంది.

నాటే పద్ధతి

తురాయి గింజ పైపెంకు గట్టిది. మరిగించి దించిన నీటిలో వేసి, ఒక రోజంతా నాననిచ్చి విత్తాలి. రెండడుగుల గుంత తీసి, చివికిన పశువుల ఎరువు రెండు గంపలు కలిపి, తొలకరిలో మొక్క నాటాలి. మొదటి నుంచీ ఒకే మాను పెరిగేలా పక్క కొమ్మలు తీసేస్తుండాలి. ఏటా సెప్టెంబరులోపు ఎండుకొమ్మలు, ఇంటివైపు వాలిన కొమ్మలు కొట్టించాలి. కరెంటు తీగ దగ్గర కొమ్మలయితే లైన్‌మన్‌కు చెప్పకుండా చేయి పెట్టవద్దు.

గన్నేరును పెన్సిలు లావు కొమ్మలతో పెంచవచ్చు. జానెడు ముక్కలు వానకాలంలో గుచ్చితే వేళ్లు పోస్తాయి. దడికైతే మూడు, నాలుగు అడుగులకొకటి నాటాలి. కత్తిరించేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కత్తిరించిన కొమ్మలను లెక్కగా ఏరి, పశువులు తిరగని చోట లోతుగా పూడ్చాలి. పెంటకుప్పలోగాని చెరువులోగాని వేయకూడదు. పొయ్యిలో పెట్టకూడదు, ఆ పొగ కూడా మంచిది కాదు. ఆ పుల్లతో పళ్లు తోమరాదు.

మీ ఇంటి చుట్టూ ఇప్పటికే ఈ మొక్కలుంటే ఈ వారమే ఒకసారి తిరిగి చూడండి. తురాయి నుంచి ఇంటికప్పుకు ఎన్ని అడుగులున్నాయో కొలవండి. గన్నేరు కొమ్మ గేదె పలుపు అందేంత దూరంలో ఉందేమో చూడండి. ఉంటే గేదె కట్టుగొయ్యను ఈ పూటే మార్చండి. మొక్కను తీసి వేరేచోట పెట్టే పని వానలు పడ్డాక చూసుకోవచ్చు.